ఇంటివైపు వాలే బంతి

పొద్దున్నే ఆరు కాకముందే సెల్విన్ వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంటాడు. కాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని, ఒక్కో గోల్ఫ్ బంతినీ నీళ్లలో ముంచి, దాని ఒంటి నిండా ఉండే చిన్నచిన్న సొట్టల్లోని మట్టిని బొటనవేలి గోరుతో తీసి, నోటితో ఊది, తన చొక్కా అంచుకే తుడుస్తాడు. మెత్తటి గుడ్డలు ఎన్ని కొనిచ్చినా ఆ మనిషికి చొక్కా అంచే కావాలి. లోపల అల్రిక్ క్వామినా నిమ్మగడ్డి టీ తాగుతూ, నిన్నటి రొట్టెలో ఉప్పుచేప దూర్చుకుని తింటూ ఆ చప్పుడు వింటుంటాడు. టొబాగో దీవిలో, పెటిట్ బే ఊళ్లో, వాళ్లిద్దరూ ఇంటిపట్టున ఉన్నన్ని రోజులూ తెల్లారేది ఇలాగే.

ఏడింటికి కర్రల సంచీ భుజాన వేసుకుని ఇద్దరూ కోర్సుకి నడుస్తారు. ఒకప్పుడది దొరల కొబ్బరితోట. తర్వాత హోటలువాళ్లు కొని, సగం చెట్లు కొట్టేసి, పచ్చిక పరిచి, పద్దెనిమిది గుంటలు తవ్వి గోల్ఫ్ కోర్సు చేశారు. అక్కడ అల్రిక్ ఉద్యోగం హోటల్లో దిగినవాళ్లకి ఆట నేర్పడం. "కుడిచెయ్యి కాస్త కిందికి జరపండి. నడుం తిప్పండి. తల ఎత్తకండి." పదకొండేళ్లుగా ఈ మూడు ముక్కలే. ఎండకి కందగడ్డల్లా ఎర్రబడ్డ ముఖాలు వారానికోసారి మారుతుంటాయి. మాటలు మాత్రం అవే. మధ్యాహ్నానికి అతని గొంతు అతనికే ఎవరిదో అనిపించేది.

పోనీ మామూలు మాస్టారా అంటే, కాదు. ఆ దీవి కన్న ఒకే ఒక్క గోల్ఫ్ ఆటగాడు. ఇరవై నాలుగేళ్లప్పుడు బార్బడోస్‌లో కప్పు గెలిచిన ఫోటో పోస్టాఫీసులో ఉంది, పడవల రేవులో ఉంది, ఆఖరికి ఒరీలియా కొట్లో ఉల్లిపాయల బుట్ట పైన కూడా ఉంది. ఆ నవ్వుముఖం కిందే నిలబడి నలభై రెండేళ్ల అల్రిక్ ఉల్లిపాయలు ఏరుకోవాలి. ఆ అవస్థ పగవాడికి కూడా వద్దు.

"ఈసారైనా పెద్ద ఆటలో నిలుస్తావా, లేక మళ్లీ మా పీతల పులుసుకే వస్తావా?" అనేది ఒరీలియా, తూకం రాళ్లు సర్దుతూ.

"నేను రాకపోతే నీ కుళ్లిన ఉల్లిపాయలు కొనేదెవరత్తా?"

"కుళ్లినవి నీకోసమే దాచాను నాయనా. మంచివి గెలిచినవాళ్లకి."

నవ్వేవాడు, ఏం చేస్తాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు ముఖం మీద ఎండిన ఉప్పులా పట్టుకుని ఉండేది.

ఇంత ఆట వచ్చినవాడు ఎందుకు పైకి రాలేదంటే, కారణం ఊరందరికీ తెలుసు. అల్రిక్ కొట్టిన బంతి ప్రపంచంలో ఎక్కడున్నా ఇంటివైపు వాలుతుంది. స్కాట్లండ్‌లో నైరుతికి, దుబాయ్‌లో పడమటికి. గాలి ఉన్నా లేకపోయినా, మామూలుగా పది గజాలు, గట్టిగా కొడితే ఇరవై. బార్బడోస్‌లో కప్పు రావడం కూడా అందుకే. అక్కడ చివరి అయిదు గుంటలూ సరిగ్గా టొబాగోకి ఎదురుగా ఉన్నాయి, బంతి పరిగెత్తుకుంటూ పోయి గుంటలో పడింది. తక్కిన లోకం అంత కలిసొచ్చేలా కట్టి లేదు. టీవీలో దొరలు "గాలి మోసం చేసింది" అంటుంటే, కొట్లో కూర్చున్నవాళ్లు "గాలీ లేదు గీలీ లేదు, ఇంటికొస్తోంది పాపం" అనుకుని మళ్లీ చేపల బేరంలో పడిపోయేవాళ్లు. బొడ్డుతాడు ఇక్కడ పాతిపెట్టుకుని బంతి అక్కడ తిన్నగా పొమ్మంటే ఎలా పోతుంది మరి.

ఆ ఊళ్లో పిల్లకి బొడ్డూడగానే ఆ ఎండుతాడుని అరటాకులో చుట్టి, ఒక లేత కొబ్బరిమొక్క కింద పాతుతారు. ఆ చెట్టు ఆ పిల్లది. మనిషి ఏ మూలకి పోయినా ఆ చోటు లాగుతూనే ఉంటుంది. అల్రిక్ చెట్టు పాత తోట అంచున ఉంది, అంటే ఇప్పటి పద్నాలుగో గుంట పక్కన. హోటలువాళ్లు దాన్ని కొట్టబోతే ఊరంతా వచ్చి చెట్టు చుట్టూ కూర్చుంది, వదిలేశారు. అందువల్ల సొంత కోర్సులో అతని బాధ ఇంకా ఎక్కువ. ఏ గుంట నుంచి కొట్టినా బంతి ఆ చెట్టు వైపే. గానుగెద్దులా దాని చుట్టూ తిరగడమే అయింది బతుకు.

సెల్విన్ పక్కింటివాడు, చేపలవాళ్ల బిడ్డ, అల్రిక్ పుట్టిన వారంలోనే పుట్టాడు. సంచీ మోసే క్యాడీగా ఇరవై ఏళ్లు అతని వెంట తిరిగాడు. సెల్విన్ చెట్టు సముద్రపొడ్డున వాళ్ల గుడిసె వెనకాల ఉండేది. పదిహేడేళ్ల కిందట ఓ తుపానులో ఒడ్డు కోసుకుపోయి, చెట్టు వేళ్లతో సహా కెరటాల్లోకి పోయింది. ఊరంతా చావింటికి వచ్చినట్టు రొట్టెలూ కాఫీ తెచ్చారు. ఇక వీడు ఊళ్లో నిలవడు, దేశాలు పట్టిపోతాడు అనుకున్నారు. జరిగింది వేరు. పరాయి దేశం వెళ్లిన ప్రతిసారీ సెల్విన్ హోటలు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాడు. అల్రిక్ విని కూడా విననట్టు పడుకునేవాడు. తనకి ఏనాడూ ఇల్లు గుర్తొచ్చి గుండె బరువెక్కలేదు. ఏ మంచమైనా వాలగానే నిద్ర. చెట్టు గట్టిది కాబట్టే అంత నిబ్బరం అనేవారు ఊళ్లో.

ఆ ఏడు స్పెయిన్ నుంచి కాగితం వచ్చింది. యూరప్ ఆటకి మనుషుల్ని ఎంచే పోటీ. ఆరు రోజులు, నూట యాభైమంది, మొదటి పాతికమందికి ఏడాది పొడుగునా ఇరవై దేశాల్లో ఆడే అర్హత. అల్రిక్ ఆరుసార్లు పోయి ఆరుసార్లూ ఒకటి రెండు దెబ్బలు ఎక్కువై వెనక్కి వచ్చాడు. ఇది ఏడోసారి. ఎడమ మోకాలు మెట్లెక్కితే కిర్రుమంటోంది. హోటలు మేనేజరు "క్వామినా, ఇదే ఆఖరి సెలవు, మళ్లీ అడగొద్దు" అని ముందే చెప్పేశాడు. ఈసారీ ఓడితే ఇక చచ్చేదాకా తల ఎత్తకండి, తల ఎత్తకండి.

సెల్విన్ కోర్సు పటం బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి, ప్రతి గుంట నుంచీ ఇంటివైపు గీతలు గీశాడు. గీసినకొద్దీ అతని ముఖం వాడిపోయింది.

"పద్దెనిమిదిలో పదకొండు మనకి అడ్డంగా ఉన్నాయిరా," అన్నాడు. "ఒకదానికి పక్కనే చెరువు. కొట్టడం ఆలస్యం, ఇంటికి పోదామని అందులో దూకుతుంది."

అల్రిక్ ఆ పటాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి నాన్నమ్మ దగ్గరికి వెళ్లాడు.

జెల్మాకి తొంభై మూడేళ్లు. ఆ ఊళ్లో సగంమందికి పురుడు పోసిన చెయ్యి ఆవిడది. సెల్విన్ కూడా ఆవిణ్ణి నాన్నమ్మా అనే పిలుస్తాడు. వంటింటి గుమ్మంలో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తోంది. బొడ్డుతాడు పాతిన చెయ్యే దాన్ని తవ్వాలి, ఇంకెవరు తవ్వినా దొరకదు. అల్రిక్ ఇదివరకు మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ కత్తి చూపించి పంపింది.

"మళ్లీ దానికేనా వచ్చావు?" అంది తల ఎత్తకుండానే. "ఊళ్లో నీకేం తక్కువైందిరా? తిండి లేదా, గుడ్డ లేదా?"

"అన్నీ ఉన్నాయి నాన్నమ్మా."

"మరింకేం. చోటు లేకుండా తిరిగేవాళ్లని చూశాను నేను. పడవెక్కి పోయి, పోయిన చోట ఉండలేక, తిరిగొచ్చి ఇక్కడా ఉండలేక. అలా అవుతావా?"

అల్రిక్ ఆవిడ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఏవేవో చెప్పాలని వచ్చాడు. ఒక్కటే నోటికొచ్చింది.

"నాకు ఊపిరాడట్లేదు నాన్నమ్మా."

ఆవిడ కత్తి ఆగింది. మనవడి ముఖం కేసి చూసింది. పుట్టినప్పుడు నీలంగా మారి, ఏడవకుండా, పిర్ర మీద రెండు వేస్తే గానీ ఊపిరి తీయని పిల్లాడు వాడు. పెండలం ముక్కలు గిన్నెలో వేసి, చేతులు పావడాకి తుడుచుకుంది.

"రేపు ఆదివారం. ఆ తెల్లోళ్లు ఆలస్యంగా లేస్తారుగా. పొద్దున్నే తీసుకుపో నన్ను," అంది.

మర్నాడు సెల్విన్ హోటలువాళ్ల చిన్న బండిలో ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని, మంచుతో తడిసిన పచ్చిక మీద నెమ్మదిగా తోలుకొచ్చాడు. పద్నాలుగో గుంట దగ్గర మనిషన్నవాడు లేడు. జెల్మా ఇద్దరి భుజాలూ పట్టుకుని మోకాళ్ల మీద దిగింది. పులుసు కలిపే పెద్ద గరిటెతో చెట్టు మొదట్లో తవ్వడం మొదలుపెట్టింది. "నేను తవ్వుతాను, నువ్వు చూపించు" అని సెల్విన్ చెయ్యి చాపితే గరిటెతో ఒక్కటిచ్చింది. మూరెడు లోతుకి పోగానే వేళ్ల మధ్య అరటాకు పొట్లం కనిపించింది. నలభై రెండేళ్లయినా ఆకు ఎండిందే గానీ చిరగలేదు. పాతినవి అలాగే ఉంటాయి.

ఆవిడ పొట్లాన్ని అరచేతిలో పెట్టుకుని, కళ్ల దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది గాలపుదారం," అంది.

"అయితే ఏమైంది?" అన్నాడు అల్రిక్.

"నీది నా పావడా అంచు చించి కట్టాను. ఎర్రగుడ్డ. గాలపుదారంతో కట్టింది వీడిది. చేపలవాళ్ల పిల్లాడు కదా అని."

సెల్విన్ వంగి ఆ ఆకుపచ్చ దారాన్ని చూశాడు. జెల్మా అక్కడే కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆవిడకి మెల్లగా ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

"ఆ రోజు మన పంటల పండగ. ప్రతి ఇంటి తలుపూ తీసే ఉండాలి, వచ్చినవాడికల్లా పెట్టాలి. మీ ఇద్దరికీ ఆ పొద్దున్నే బొడ్డూడింది. మీ అమ్మలు ఇచ్చారు. నీది ముందుగుడ్డ ఎడమ జేబులో, వాడిది కుడి జేబులో వేసుకున్నాను. సాయంత్రం పాతుదాములే అని. ఇంతలో పై ఊరి నుంచి రెండు బళ్ల జనం దిగారు. కలలూ ఆకుకూర పులుసు పోస్తుంటే నా ముందుగుడ్డ నిండా ఒలికింది. మార్చుకునే టైమెక్కడిది? లోపలి పక్క పైకి తిప్పి కట్టేసుకున్నాను." ఆవిడ తన చేతులు రెండూ అటూ ఇటూ మార్చి చూపించింది. "ఎడమ జేబు కుడికి వచ్చింది. చీకటిపడ్డాక దారం చూసుకోకుండా పాతేశాను. ముందుగుడ్డ తిరగేశాను గానీ నా బుర్ర తిరగెయ్యలేదురా."

"మరి బంతి కొట్టేది నేను," అన్నాడు అల్రిక్.

"తుడిచేదెవరు?"

సెల్విన్ తల వంచి, మట్టి మరకలతో నల్లబడ్డ తన చొక్కా అంచు వైపు చూసుకున్నాడు. ఇరవై ఏళ్లలో అల్రిక్ కొట్టిన ప్రతి బంతీ ముందు ఆ చొక్కాకి తగిలి, ఆ చేతిలో వెచ్చబడి, అప్పుడు నేల మీదికి వచ్చింది. ఇంటివైపు వాలింది సెల్విన్ బెంగ.

"నాది ఎక్కడుంది?" అన్నాడు అల్రిక్.

ఒడ్డున సెల్విన్ చెట్టు పోయిన చోటు అక్కణ్ణుంచి కనిపిస్తుంది. జెల్మా అటు చూసింది, వాళ్లూ చూశారు. నీళ్లు తప్ప ఏమీ లేవు.

"ఇది చేతిలో ఎక్కువసేపు ఉండకూడదు," అంది ఆవిడ. "తీసెయ్యాలంటే సముద్రంలో వేసేస్తాను. ఉంచాలంటే కప్పేస్తాను. సెల్విన్, నీ వస్తువు. నువ్వు చెప్పు."

సెల్విన్ అల్రిక్ వైపు చూశాడు. "నువ్వే చెప్పరా," అన్నాడు.

పొట్లం సముద్రంలో పడితే బంతి తిన్నగా పోతుంది. సెల్విన్ స్పెయిన్‌లో పక్కనే ఉంటాడు, దూరాలు చెబుతాడు, జోకులేస్తాడు, కుళాయి తిప్పుకోవడం కూడా ఉండదు. అల్రిక్ నోరు తెరిచాడు. కప్పెయ్ నాన్నమ్మా అనాలి. స్నేహితుడన్నవాడు ఆ మాట అనాలి, అని తెలుసు. ఆరుసార్లు ఒకటి రెండు దెబ్బల్లో పోయిన పోటీలన్నీ ఆ మాటకి అడ్డం పడ్డాయి. సిగ్గుపడుతూనే తెరిచిన నోరు మూసుకున్నాడు. దూరంగా పచ్చికకి నీళ్లు చల్లే గొట్టాలు తిరగడం మొదలైంది. జెల్మా చెయ్యి అలాగే చాచి ఉంది.

సెల్విన్ అర్థం చేసుకున్నాడు. అతని ముఖంలో కోపం లేదు, అదే అల్రిక్‌కి మరీ కష్టంగా ఉంది.

"కప్పెయ్ నాన్నమ్మా," అన్నాడు సెల్విన్. తర్వాత అల్రిక్ వైపు తిరిగి, "నేను స్పెయిన్ రానురా. బంతులు నువ్వే తుడుచుకో. నేను ముట్టుకోకపోతే చాలు, తిన్నగా పోతాయి."

"సంచీ ఎవరు మోస్తారు?"

"నీకు భుజాల్లేవా? ఇరవై ఏళ్ల నుంచీ రానని చెబుదామనే ప్రతిసారీ మీ ఇంటికొచ్చేవాణ్ణి. మెట్టు మీద కూర్చోగానే నోరు పెగిలేది కాదు. బంతులు తుడుస్తూ కూర్చునేవాణ్ణి." అని గరిటె అందుకుని, ఈసారి జెల్మా కొట్టకపోయేసరికి, మట్టి తనే దగ్గరికి తోశాడు.

స్పెయిన్‌లో మొదటిరోజు మొదటి గుంట దగ్గర అల్రిక్ బంతిని హోటలు తువ్వాలుతో తుడిచి నేల మీద పెట్టాడు. తల ఎత్తకుండా, నడుం తిప్పి కొట్టాడు. బంతి గీత గీసినట్టు తిన్నగా పోయి పైన్ చెట్ల గుబురులో పడింది. ఇరవై ఏళ్ల అలవాటు ప్రకారం ఇంటి వాలుకి సరిపడా ఇరవై గజాలు పక్కకి గురి పెట్టాడు మరి. ఆ రోజంతా అంతే. బంతి తప్పేమీ లేదు, ఒళ్లే మాట వినలేదు. కాళ్లు వాటంతటవే పక్కకి తిరిగి నిలబడేవి, ఎవరో లోపల నిలబడి నెడుతున్నట్టు. సాయంత్రానికి పేర్ల పలకలో నూట ముప్ఫయ్యో చోట ఉన్నాడు. గదికి పోయి బూట్లు విప్పకుండానే మంచం మీద పడ్డాడు.

రెండోరోజు బంతి ముందు గురిలో ఒక గడ్డిపోచని చూసుకుని, దానికి సూటిగా కాళ్లు సర్దుకుని నిలబడటం మొదలుపెట్టాడు. తన గొంతుతో తనకే పాఠం చెప్పుకున్నాడు. కుడిచెయ్యి కిందికి. నడుం తిప్పు. తల ఎత్తకు. చిత్రంగా ఆ మూడు ముక్కలూ ఈసారి పనిచేశాయి. మూడోరోజుకి వందలోపు వచ్చాడు, నాలుగోరోజుకి అరవైలోపు. అయిదోరోజు చెరువు పక్క గుంట దగ్గర బంతి నీటి అంచున పడి, కాస్త ఆలోచించి, అక్కడే ఉండిపోయింది. అల్రిక్ దాని దగ్గర మోకాలు వంచి కూర్చుని నవ్వుకున్నాడు. నవ్వుకి తోడు నవ్వడానికి పక్కన ఎవరూ లేరు. సంచీ పట్టీ భుజం మీద ఎర్రటి చార వేసింది.

ఆరోరోజు ఆఖరి గుంటకి పన్నెండు అడుగుల దూరం నుంచి బంతిని దొర్లించాలి. పడితే పాతికలో ఉంటాడు, పడకపోతే ఉండడు. ఇదివరకైతే నేల వాలు ఎంత, ఇంటి వాలు ఎంత అని రెండు లెక్కలు వేసేవాడు. ఇప్పుడు ఒకటే లెక్క. కొట్టాడు. బంతి దొర్లుకుంటూ పోయి, గుంట అంచుని తాకి, లోపల పడింది.

ఎవరో చెయ్యి ఊపారు, ఎవరో వీపు తట్టారు. పేర్ల పలక మీద తన పేరు రెండుసార్లు చదువుకుని, కార్లు ఆపే చోటుకి పోయి ఫోను తీశాడు. మోగీ మోగకముందే సెల్విన్ ఎత్తాడు.

"చెప్పు."

"ఇరవై మూడు."

అవతల అరుపులు, గిన్నెలు మోగించడం, ఎవరో ఏడవడం. వాటి మీదుగా ఒరీలియా గొంతు వచ్చింది. "వాడికి మంచి ఉల్లిపాయలు తీసి పెడతానని చెప్పండి."

"విన్నావా?" అన్నాడు సెల్విన్. "బంతి తిన్నగా పోయిందా?"

"పోయిందిరా. తాడు కట్టి లాగినట్టు పోయింది."

"ఒరే, ఊరంతా కొట్టు ముందే ఉన్నాం. స్పెయిన్ ఎటో నాకు తెలుసుగా, అందర్నీ అటు తిప్పి నిలబెట్టాను. నాన్నమ్మని కుర్చీతో సహా తిప్పాం. అందరం నీవైపే చూస్తున్నాం. నువ్వూ ఒక్కసారి ఇటు తిరుగు."

అల్రిక్ తల ఎత్తాడు. ఆకాశమంతా ఒకే రంగు మబ్బు, పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు. నాలుగు పక్కలా ఒకేలాంటి పైన్ చెట్లు. ఇరవై ఏళ్లలో ఇల్లు ఎటుందో అని అతను ఏనాడూ వెతుక్కోలేదు. ఏ దేశంలోనైనా ఒక బంతి కొడితే తెలిసిపోయేది. ఒక పక్కకి తిరిగి నిలబడ్డాడు. కడుపులో ఎక్కడైనా చిన్న లాగుడు తెలుస్తుందేమో అని ఊపిరి బిగబట్టి చూశాడు. ఇంకో పక్కకి తిరిగాడు. తర్వాత మరో పక్కకి.

"తిరిగావా?" అన్నాడు సెల్విన్.

"తిరిగానురా," అన్నాడు అల్రిక్.

"హమ్మయ్య. ఇప్పుడు నిన్ను ఎదురుగా చూస్తున్నట్టే ఉంది."

అవతల ఒక్కొక్కరూ ఫోను అందుకుని మాట్లాడారు. వాళ్లందరి వంతూ అయ్యేదాకా అల్రిక్ ఓ తెల్లకారు వైపు ముఖం పెట్టుకుని, కదలకుండా అలాగే నిలబడ్డాడు.